అర్థమైందండీ!

రెడ్డిగూడెం,
26 అక్టోబర్ 2025.

మగ్దలేనమ్మ అత్తయ్యకు మీ హన్నా వందనాలు.

ఉద్యోగంలో చేరి పన్నెండు రోజులైంది. మీకే మొదట చెబుదామని మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ సలోమోను మామయ్యే ఎత్తారు. మూడుసార్లూ మీరు స్నానంలోనే ఉన్నారు. రోజుకెన్నిసార్లు చేస్తారేంటి స్నానం? ఆఖరికి మామయ్యే జాలిపడి, "మీ అత్త ఉత్తరం రాయమంటోందమ్మా, ఫోన్లో మాట గాలికి పోతుందట" అన్నారు. పోస్టాఫీసులో కవర్లు అడిగితే అక్కడున్నాయన నన్ను ఎగాదిగా చూసి, బీరువా అడుగునుంచి ఓ ఐదు దుమ్ము దులిపి ఇచ్చాడు.

మన ఇంట్లో మొదటి టీచరు మీరు, రెండోదాన్ని నేను. "మా అక్క ముప్ఫై నాలుగేళ్లు చేసింది, శాలువా కప్పించుకుంది, ఇప్పుడు నా కూతురు" అని నాన్న కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటున్నారు. నా నెత్తిన ఎంత బరువు పెట్టారో చూశారా?

బడి ఇక్కడికి మూడు కిలోమీటర్లు. దారి పొడుగునా మామిడి తోటలే. రెండు గదులు, ఇద్దరు టీచర్లం. చిన్నపిల్లలు హెడ్మాస్టరు వెంకటరమణ గారి దగ్గర, నాలుగు, ఐదు తరగతులు కలిపి పద్దెనిమిదిమంది నా దగ్గర. బంగారాలు అత్తయ్యా! ఒక్కరూ అల్లరి చెయ్యరు. ఈ వారం భాగహారం చెప్పాను. బోర్డు మీద లెక్క చేసి "అర్థమైందా?" అంటే పద్దెనిమిది గొంతులూ ఒక్కసారి "అర్థమైందండీ!" అని లేస్తాయి. పక్క తోటలో చెట్లకి మందు కొట్టేవాళ్లు కూడా తలెత్తి చూస్తారు. ఆ కేక వింటే నాకు కడుపు నిండిపోతుంది. ఈ పని నాకు పట్టుబడినట్టే ఉంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త. స్నానాలు తగ్గించండి.

హన్నా


ఉంగుటూరు,
1 నవంబర్ 2025.

హన్నా,

నీ ఉత్తరంలో రెండుచోట్ల దీర్ఘాలు మర్చిపోయావు. ఎర్ర పెన్నుతో దిద్ది ఇందులోనే పెట్టి పంపుతున్నా. టీచరువి, కాస్త సిగ్గుపడు. నేను ఎన్నిసార్లు స్నానం చేస్తే నీకెందుకు?

కడుపు నిండిందన్నావు చూడు, అక్కడ నాకు కడుపు మండింది. పిచ్చిదానా, "అర్థమైందా" అంటే "అర్థమైందండీ" అనడం వాళ్లకి ఒకటో తరగతి నుంచీ అలవాటు. బెల్లు కొడితే లేచి నిలబడతారే, అలాగ. ఆ కేకలో ఎవరికి నిజంగా అర్థమైందో, ఎవరు గుంపులో గోవింద కొట్టారో నీకెలా తెలిసింది? మామిడికాయ ముదిరిందో లేదో కాయనే అడుగుతారటే? మీ తోటలవాళ్లని అడుగు, బకెట్ నీళ్లలో వేసి చూస్తారు. ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది.

నువ్వూ అదే చెయ్యి. ఈ ఉత్తరం అందిన మర్నాడు బోర్డు తుడిచేసి, పుస్తకాలు మూయించి, తలా ఒక చీటీ ఇవ్వు. ఒకే ఒక్క లెక్క. ఆరొందల పద్దెనిమిదిని ఆరుతో భాగించమను. పక్కవాళ్లది చూడకుండా. వచ్చింది వచ్చినట్టు నాకు రాయి. దాచావంటే ఊరుకోను.

మీ మామయ్య నీకు ఆశీస్సులు చెప్పమంటున్నాడు.

మగ్దలేనమ్మ


రెడ్డిగూడెం,
9 నవంబర్ 2025.

అత్తయ్యా,

దాచడానికేమీ లేదు. దాచినా దాగేట్టు లేదు.

పదకొండుమంది పదమూడు అని రాశారు. ముగ్గురు ఖాళీ చీటీ ఇచ్చారు. ఇద్దరు ఏవో అంకెలు గీశారు. నూట మూడు అని సరిగ్గా రాసింది సుప్రజ, చార్లెస్, ఇద్దరే. ఆరులో ఆరు ఒకసారి పోయింది, బాగానే ఉంది. తర్వాత ఒకటిలో ఆరు పోదు కదా, అక్కడ సున్నా పెట్టాలి. పెట్టకుండా పద్దెనిమిది దించేసి మూడు వేసేశారు. పది రోజులు గొంతు చించుకుని చెప్పింది ఇదే అత్తయ్యా.

అది అక్కడితో ఆగలేదు. ఐదో తరగతి కీర్తిప్రియ తన చీటీని ఇంటికి పట్టుకెళ్లింది. మర్నాడు పొద్దున్నే వాళ్ల తాతగారు బసవపున్నారావు గారు బడికొచ్చారు. పన్నెండెకరాల తోట ఆయనది. చీటీ నా బల్లమీద పెట్టి, "ఏమ్మా, ఆరొందల పద్దెనిమిది కాయలు ఆరు బుట్టల్లో సర్దితే బుట్టకి పదమూడేనా? మిగతా కాయలు ఏ లారీ ఎత్తుకెళ్లిందంటారు?" అన్నారు. గదిలో పిల్లలు నవ్వారు. కీర్తిప్రియ నవ్వలేదు. ఆయన చెయ్యి పట్టుకుని నేలచూపులు చూస్తోంది.

"నోట్సు చూస్తే అన్నీ రైట్ మార్కులేనండీ. పిల్లనడిగితే అర్థమైంది తాతయ్యా అంటది. చెయ్యవే అంటే పదమూడంటది. నూజివీడు ప్రైవేటు స్కూలు బస్సు మా గేటు ముందే ఆగుతుంది. అయినా మీరు కొత్తగా వచ్చారు కాబట్టి టైమిస్తున్నా. తోటలో పిందె పడేనాటికి నా మనవరాలికి భాగహారం రావాలి. రాకపోతే టీసీ ఇచ్చెయ్యండి" అన్నారు. టీసీ కోసం రాసిన అర్జీ జేబులోంచి తీసి చూపించి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

ఆయన వెళ్లాక హెడ్మాస్టరు గారు చెప్పారు. ఆయన పిల్లని తీస్తే ఆ వీధిలో ఇంకో ఆరుగురు కదులుతారట. అంతమంది తగ్గితే రెండో టీచరు పోస్టు ఎత్తేస్తారట. "చివర చేరింది నువ్వే కదమ్మా" అన్నారు పాపం, మెల్లగా.

పోస్టు పోతే ఇంకో ఊరికి వేస్తారు, జీతం ఎక్కడికీ పోదు. కానీ నాకు ఒళ్లు మండిపోతోంది అత్తయ్యా. చేతకాక ఊరు దాటించారన్న మాట నేను పడను. పిందె అంటే ఫిబ్రవరి. మూడు నెలలుంది. ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను.

హన్నా


ఉంగుటూరు,
14 నవంబర్ 2025.

హన్నా,

ఆ చివరి నాలుగు వాక్యాల్లో ఒక్క తప్పూ లేదు. ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను.

ముందు ఆ మాట మానెయ్యి. "అర్థమైందా" అని నీ నోట వచ్చిన రోజు నువ్వు టీ తాగకూడదు. మీ ఇంట్లో అందరికీ టీ పిచ్చి, నాకు తెలుసు కాబట్టే చెబుతున్నా.

నూజివీడు వెళ్లి పద్దెనిమిది పలకలు కొను. ప్రశ్న అందరికీ వెయ్యి, ఎవరి పేరూ ముందు చెప్పకు. పేరు చెప్పావా, మిగతా పదిహేడుమంది హాయిగా కిటికీలోంచి తోట చూసుకుంటారు. ప్రశ్న వేశాక నోరు మూసుకో. ఇదే కష్టం, మన వంశంలో ఎవరికీ చేతకాదు. మనసులో పరలోక ప్రార్థన సగందాకా చెప్పుకో. అంతసేపూ ఎవరి జవాబూ తీసుకోకు, సుప్రజ చెయ్యి ఎంత ఊపినా సరే. అప్పుడు "పలకలెత్తండి" అను. అందరూ ఒక్కసారే ఎత్తాలి. ఒక్క చూపులో పద్దెనిమిది బుర్రలూ నీకు కనబడతాయి. చెవులతో పనిలేదు.

ఇంకోటి. నువ్వు బోర్డు మీద చకచకా చేసేస్తావు, నాకు చూడకుండానే తెలుసు. చేసేటప్పుడు నీ బుర్రలో ఏం నడుస్తోందో పైకి చెప్పు. "ఒకటిలో ఆరు పోతుందా? పోదు. పోదు కదా అని ఊరుకోనా? ఊరుకుంటే చోటు ఖాళీ అయిపోతుంది. అందుకే సున్నా పెడుతున్నా" అని, అత్తగారు కూర వండుతూ గొణిగినట్టు. మొదట నువ్వు చెయ్యి, తర్వాత వాళ్లూ నువ్వూ కలిసి చెయ్యండి, ఆ తర్వాత వాళ్లని వదిలెయ్యి. మధ్యది ఎగరగొట్టేస్తారు అందరూ. రోజూ పొద్దున్న కొత్త పాఠానికి ముందు నిన్నటిది రెండు లెక్కలు అడుగు.

ఇంతే. బ్రహ్మవిద్యేం కాదు. రోజూ చెయ్యాలి, అదే చిక్కు.

మగ్దలేనమ్మ


రెడ్డిగూడెం,
30 నవంబర్ 2025.

అత్తయ్యా,

కోపంగా ఉన్నాను, ముందే చెబుతున్నా.

పలకలు కొన్నాను. ఎత్తించాను. పద్దెనిమిది పలకల మీదా ఒకే జవాబు! మురిసిపోయి దగ్గరికెళ్లి చూస్తే అందరూ సుప్రజ పలక చూసి రాసినవే. మూడు వరసల అవతలినుంచి ఎలా చూశారో ఆ దేవుడికే తెలియాలి. దూరదూరంగా కూర్చోబెడితే సగం పలకలు ఖాళీ. ఆగమన్నారని ఆగాను. మీ పరలోక ప్రార్థన ఆమేన్ దాకా చెప్పుకున్నా ఒక్కరూ నోరు విప్పలేదు. హెడ్మాస్టరు గారు గుమ్మంలోంచి తొంగిచూసి "ఏమ్మా, మౌనవ్రతమా?" అన్నారు. "అర్థమైందా" అని నోరు జారినందుకు నాలుగు రోజులు టీ లేదు, తలనొప్పి.

కీర్తిప్రియని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను, "ఎక్కడ తెలియట్లేదు చెప్పమ్మా" అని. "అర్థమైందండీ" అంది. "మరి చెయ్యి." పదమూడు.

మీ కాలం వేరు, మీ పిల్లలు వేరు అత్తయ్యా. వీళ్లకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. తోటల్లో అప్పుడే మొగ్గ కనబడుతోంది.

హన్నా


ఉంగుటూరు,
6 డిసెంబర్ 2025.

హన్నా,

చెవిటివాడి ముందు శంఖం ఊదితే తప్పు చెవిటివాడిది కాదు, ఊదినవాడిది. ఎదటివాడికి వినబడట్లేదని చూసి కూడా ఊదుతూనే ఉన్నాడంటే వాడికంటే తెలివితక్కువవాడు లేడు. ఆ సామెత ఇంకెప్పుడూ నాకు రాయకు.

పలకలు ఖాళీగా వచ్చాయన్నావు. మంచిదే కదే! మొదటిసారి వాళ్లు నీకు నిజం చెప్పారు. నువ్వేం చేశావు? మొహం మాడ్చుకున్నావు. అది చూసి మళ్లీ ఎవరు నిజం చెబుతారు? పిల్లలు "అర్థమైందండీ" ఎందుకంటారు? కాలేదంటే ఏమవుతుందో తెలుసు కనక. నలుగురూ నవ్వుతారు, టీచరు విసుక్కుంటుంది, ఇంట్లో తాత చీటీ పట్టుకుని బడికొస్తాడు. దాచుకోవడమే సుఖం అనిపిస్తుంది. నాకు తెలుసు.

ఇలా చెయ్యి. రేపు నువ్వే బోర్డు మీద పదమూడు వెయ్యి. పట్టుకోమను. పట్టుకున్నాక సిగ్గుపడకు, నవ్వు. తర్వాత చెప్పు, లెక్క ఎంతవరకు వస్తే అంతవరకు చేసి, తెలియని చోట ఒక గీత గీయమని. గీత కింద ఖాళీ ఉంటే తప్పు కాదని. "ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కణ్ణుంచి రాలేదు" అని చెప్పినవాళ్లని జవాబు చెప్పినవాళ్లతో సమానంగా మెచ్చుకో. గీత ఎక్కడుందో చూసి అక్కడినుంచే పాఠం మొదలుపెట్టు, మొదటినుంచి కాదు.

క్రిస్మస్‌కి ఇక్కడికి రా. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారితే అక్కణ్ణుంచి గంటలో వచ్చేస్తావు. నీకిష్టమని గవ్వలు చేస్తున్నా.

మగ్దలేనమ్మ


రెడ్డిగూడెం,
28 డిసెంబర్ 2025.

అత్తయ్యా,

గవ్వలు ఇంకా ఉన్నాయి. రోజుకి నాలుగు తింటూ దాచుకుంటున్నాను.

ఈ మాట అక్కడే అడుగుదామనుకున్నాను, మామయ్య ముందు నోరు రాలేదు. బయల్దేరేటప్పుడు ఆయన బస్సు దాకా వచ్చి "మీ అత్తని ఏమీ అనకమ్మా" అన్నారు. నేనేమీ అనకముందే అన్నారు.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక మిమ్మల్ని అడిగాను, "పాస్టరు గారి ప్రసంగం ఎలా ఉంది?" అని. "బ్రహ్మాండం" అన్నారు. అక్కడితో ఊరుకునేదాన్ని, మీరు నాకు చదువు చెప్పకపోయుంటే. "దేని గురించి చెప్పారు అత్తయ్యా?" అన్నాను. "గొర్రెల కాపరుల గురించి, ఇంకేముంటుంది" అన్నారు. ఆయన గంటసేపు మాట్లాడింది సత్రంలో చోటు లేకపోవడం గురించి. గొర్రెల మాటే ఎత్తలేదు.

అంతకుముందు రోజు వంటింట్లో మీ వెనక నిలబడి మూడుసార్లు పిలిచాను. మీరు పిండి కలుపుతూనే ఉన్నారు. నా నీడ గోడమీద కదిలితే అప్పుడు తిరిగి, "వినబడిందిలేవే, అరవకు" అన్నారు. నేను అరవలేదు అత్తయ్యా.

ఆ స్నానాలన్నీ ఇదేనా? ఆ సామెత రాసినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. క్షమించండి. కానీ అడగక మానను. ఎప్పట్నుంచి?

ఒక మంచి కబురు కూడా ఉంది. గీత పనిచేస్తోంది. బోర్డు మీద నేను పదమూడు వేస్తే ముందు ఎవరూ కిక్కురుమనలేదు. ప్రార్థన సగంలో ఉండగా చార్లెస్ లేచి "టీచర్, మీ కాయలు కూడా లారీ ఎత్తుకెళ్లిందండీ" అన్నాడు. అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. ఆ రోజు కీర్తిప్రియ పలక మీద ఒక అంకె, దాని కింద చిన్న గీత. మెల్లగా పైకెత్తింది. నేను దండం పెట్టినంత పనిచేశాను.

హన్నా


ఉంగుటూరు,
10 జనవరి 2026.

హన్నా,

రెండు వారాలు ఈ కాయితం ముందు కూర్చున్నా. మీ మామయ్య రోజూ "రాశావా" అని చేత్తో సైగ చేసి అడుగుతున్నాడు. ఆయనకొక్కడికే తెలుసు.

పదహారేళ్లయింది. ముందు ఎడమచెవి పోయింది. అప్పటికి నాకింకా ఆరేళ్ల సర్వీసుంది. కుడిచెవీ అంతంతమాత్రమే, దాంతోనే నెట్టుకొచ్చా. రెండేళ్ల నుంచి అదీ దాదాపు పోయింది, ఎదురుగా ఉన్నవాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటున్నా. చెవిటి టీచరంటారని భయపడ్డా, ఇంకేం లేదు. నా కోపం చూసి నాకు దేనికీ భయం లేదనుకుంటారు అందరూ.

ఇన్నమ్మ అని ఐదో తరగతి పిల్ల ఉండేది నా దగ్గర. చాలా మెత్తగా మాట్లాడేది. ఒకరోజు బెల్లు కొట్టాక నా బల్ల దగ్గరికొచ్చి, తల వంచుకుని ఏదో చెప్పింది. ఒక్క ముక్క వినబడలేదు. మళ్లీ చెప్పమనొచ్చు కదా? అనలేదు. నవ్వి, "సరేనమ్మా, వెళ్లి కూర్చో" అన్నా. మర్నాడు రాలేదు. మరి రానేలేదు. వారం పోయాక పక్క పిల్ల చెప్పింది, "రేపట్నుంచి రానండీ, మా అమ్మ పనికి తీసుకెళ్తోంది" అని చెప్పడానికొచ్చిందట నా దగ్గరికి. దానికి నేను సరేనమ్మా అన్నా.

నేను వాళ్లింటికి వెళ్లుంటే వాళ్లమ్మ వినేది. వెళ్లలేదు. ఏ మొహంతో వెళ్లను? పిల్ల చెప్పినప్పుడు ఒప్పుకున్నదాన్ని కదా.

పలకలు కొన్నది ఆ తర్వాతే. నువ్వు నా తెలివి అనుకుంటున్నదంతా ఆ భయంలోంచి వచ్చిందే. చెవులు లేనిదానికి కళ్లే దిక్కు. ఆ పలకల వల్ల మా బడికి పేరొచ్చింది, నాకు శాలువా కప్పారు. స్టేజి మీద పెద్దాయన నా గురించి ఏం పొగిడాడో తెలియదు. అందరూ చప్పట్లు కొడుతుంటే చూసి నేనూ కొట్టా. నా పొగడ్తకి నేనే కొట్టుకున్నానన్నమాట. నవ్వు, ఫర్వాలేదు.

ఇన్నమ్మ ఇప్పుడు మా చర్చికే వస్తుంది. పెళ్లయింది, ఐదేళ్ల కూతురుంది. ప్రతి ఆదివారం వచ్చి వందనం చెబుతుంది. నేను తల ఊపి తప్పుకుంటా.

నా సంగతి అయింది. నీ సంగతి చూసుకో. మీ తోటల్లో పూత ఎలా ఉంది? పూత చూసి మురిసిపోకు, నిలిస్తేనే కాయ. రోజూ రెండు లెక్కలు మానకు.

అత్తయ్య


రెడ్డిగూడెం,
15 ఫిబ్రవరి 2026.

అత్తయ్యా,

పిందె పడింది. బసవపున్నారావు గారు మొన్న శుక్రవారం వచ్చారు. తెల్లచొక్కా, జేబులో మడిచిన ఆ అర్జీ. వెనక వాళ్ల వీధివాళ్లు ఇద్దరు గుమ్మం బయట నిలబడ్డారు, ఈయన ఏం చేస్తే తామూ అదే చేద్దామని. హెడ్మాస్టరు గారు కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు.

"కీర్తీ, పన్నెండొందల ముప్ఫై కాయలు ఆరు బుట్టలకి" అన్నారు. పిల్ల పలక తీసుకుంది. పెదవులు కదుపుతూ చేసింది, "మూడులో ఆరు పోదు, ఊరుకోనా, ఊరుకోను" అని నా గొణుగుడే. రెండొందల ఐదు. సున్నా ఎంత పెద్దగా పెట్టిందంటే గుడ్డులా ఉంది. ఆయన వేళ్ల మీద సరిచూసుకుని, "ఊఁ" అన్నారు.

అప్పుడాయన ఇంకోటి వేశారు. "ట్రేకి నలభై ఎనిమిది పడతాయి. వెయ్యి కాయలకి ఎన్ని ట్రేలు?" అని. రెండంకెలతో భాగించడం నేనింకా చెప్పలేదు. చెప్పలేదని అందామని నోరు తెరిచాను. మీరు గుర్తొచ్చి మూసుకున్నాను. ప్రశ్న పిల్లది, టైము పిల్లది. ప్రార్థన సగం అయింది, మొత్తం అయింది. పిల్ల పలక మీద నలభై ఎనిమిది, వెయ్యి రాసి, కింద ఒక గీత గీసి, పైకెత్తింది. "తాతయ్యా, ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కణ్ణుంచి నాకు రాదు. టీచరింకా చెప్పలేదు" అంది. ఈసారి నేలచూపులు చూడలేదు.

గుమ్మంలో ఉన్నవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

బసవపున్నారావు గారు పలక చేతిలోకి తీసుకుని ఆ గీతని చాలాసేపు చూశారు. "మా ఇంట్లో ఇంతవరకు నాకు రాదు అన్నవాళ్లు లేరమ్మా. నాతో సహా. దీన్నలా అనమని మీరు నేర్పారా?" అన్నారు. "అవునండీ" అన్నాను. "రాదంటే తన్నరా?" అన్నారు. "రాదని చెబితే అక్కడినుంచి మొదలుపెడతామండీ" అన్నాను. "అయితే పెట్టండి" అని, పిల్లల మధ్య నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు!

చెప్పాను. "ముప్ఫై తొమ్మిది దాదాపు నలభై. నలభైలు పన్నెండొందల్లో ఎన్ని? ముప్ఫై వేసి చూస్తా" అని గొణుక్కుంటూ ఒకటి నేను చేశాను, ఇంకోటి అందరం కలిసి చేశాం. తర్వాత ఆయన లెక్క పిల్లలకి వదిలేశాను. పదిహేను పలకల మీద ఇరవై, మిగిలినవి నలభై. మూడు పలకల మీద గీతలు. "ఇరవై ట్రేలేనా మరి?" అన్నారాయన. కీర్తిప్రియ లేచి, "ఇరవై ఒకటి కావాలి తాతయ్యా, మిగిలిన నలభై నెత్తిన పెట్టుకెళ్తామా?" అంది. ఆయన పగలబడి నవ్వారు. జేబులోంచి అర్జీ తీసి, దాని వెనకవైపు ఆ లెక్క తన చేత్తో ఒకసారి వేసుకుని, మళ్లీ మడిచి పెట్టుకుని వెళ్లారు. ఎవరూ టీసీ అడగలేదు.

ఆ మూడు గీతలవాళ్లకి రేపు అక్కణ్ణుంచి చెప్పాలి.

ఇప్పుడు మీ వంతు. పదేళ్ల పిల్ల ఊరంతా చూస్తుండగా పలకెత్తి నాకు రాదు అంది. మీరు డెబ్భై ఏళ్లొచ్చి స్నానం చేస్తున్నారు. మార్చి రెండో శనివారం బెజవాడలో చెవుల డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. పొద్దున ఎనిమిదికి హనుమాన్ జంక్షన్ బస్టాండులో ఉంటాను. మామయ్య మిమ్మల్ని తీసుకొస్తారు. రానంటే పాఠం మానేసి ఇంటికొచ్చి కూర్చుంటా.

హన్నా


ఉంగుటూరు,
6 ఏప్రిల్ 2026.

హన్నా,

చెవి మిషను పెట్టుకుని మూడు వారాలైంది. మొదటి వారం విసిరి కొడదామనుకున్నా. ఫ్యాను ఇంత గోల చేస్తుందని ఎవరూ చెప్పలేదేం? మీ మామయ్య ఇన్నాళ్లూ గురక పెట్టనని బొంకాడు. ఆ లెక్క వేరే తేల్చుకుంటున్నా.

నిన్న ఈస్టర్ ఆరాధనలో పాస్టరు గారు వాక్యం చెబుతూ గొంతు తగ్గించారు. నేను మూడో వరసలోంచి లేచి "అయ్యగారూ, వినబడలేదు, మళ్లీ చెప్పండి" అన్నా. చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. ఆయన మళ్లీ చెప్పారు. వెనకనుంచి ఇద్దరు ముసలాళ్లు "మాకూ వినబడలేదండీ" అన్నారు.

ఆరాధనయ్యాక ఇన్నమ్మ వచ్చి "వందనాలండీ టీచర్" అంది. గొంతు అలాగే ఉంది, మెత్తగా. తల ఊపి తప్పుకోలేదు. చెయ్యి పట్టుకున్నా.

"ఇన్నమ్మా, ఐదో తరగతిలో ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి ఏదో చెప్పావు. నాకప్పటికే చెవులు సరిగ్గా లేవమ్మా. వినబడలేదు, వినబడినట్టు నటించా. ఇప్పుడు మళ్లీ చెప్పు."

"రేపట్నుంచి రానండీ అని చెప్పా టీచర్" అంది. నా చెయ్యి వదలకుండానే, "మీరు బడి మానొద్దంటారనే మీకు చెప్పానండీ" అంది.

ఆ మాట స్పష్టంగా విన్నా హన్నా. మిషను పనిచేస్తోంది. అక్కడే అరుగు మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. మీ మామయ్య మంచినీళ్లు తెచ్చి ఎవరికివ్వాలో తెలియక తనే తాగేశాడు.

తర్వాత ఇన్నమ్మే అడిగింది, "మా పాపకి చదువు చెబుతారా టీచర్?" అని. పాపకే కాదు, నీకూ చెబుతానన్నా. ఎక్కడ ఆపావంటే, "భాగహారం దగ్గరండీ" అంది. ఈ సాయంత్రం కూతురితో సహా వచ్చింది. పలక ఇచ్చి, ఆరొందల పద్దెనిమిదిని ఆరుతో అన్నా. ఏం రాసిందో నీకు వేరే చెప్పక్కర్లేదు. గీత ఎక్కడ గీయాలో చూపించా. పదహారేళ్ల కిందట ఆగిన చోటినుంచే మొదలుపెట్టాం.

మీ నూజివీడు కొట్లోంచి పన్నెండు పలకలు పంపు. వీధిలో ఇంకా అడుగుతున్నారు.

నేను చెప్పిందంతా అర్థమైందా అని అడగను. ఏం అర్థమైందో రాసి పంపు.

అత్తయ్య